లెక్కల వాళ్లు తలుపు తడితే: మీ సమాచారానికి ఏ చట్టం కాపలా ఉందో తెలుసుకోవడం ఎలా

2010 వేసవిలో జనాభా లెక్కల కోసం ఇళ్ల జాబితా రాయడానికి నన్ను ఎన్యుమరేటర్‌గా, అంటే ఇంటింటికీ తిరిగి వివరాలు రాసేవాడిగా, వేశారు. బడికి సెలవులు, నెత్తిన ఎండ, చంకలో ఫారాల కట్ట. ఒక ఇంటి అరుగు మీద కట్ట పెట్టి మంచినీళ్లకని లోపలికి వెళ్లాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. బయటికొచ్చేసరికి ఊళ్లో అందరూ పెద్దమనిషి అనుకునే ఒకాయన తాపీగా కూర్చుని పేజీలు తిప్పుతున్నాడు. "ఏం లేదు మాస్టారూ, ఎవరెవరింట్లో బండి ఉందని రాశారో చూస్తున్నా. తెల్లకార్డులు ఏరేస్తారంట కదా!" అన్నాడు. కట్ట లాక్కున్నాను గానీ అప్పుడు పట్టిన చెమట ఎండకు పట్టింది కాదు. ఆ కాగితాలు బయటివాళ్ల కంటపడితే తప్పు రాసినవాడిదేనని శిక్షణలో చెప్పే పంపారు మరి.

అసలు సంగతంతా ఆయన మాటలోనే ఉంది. "ఇంట్లో బండి ఉందా?" అన్న ప్రశ్నకు మీరిచ్చిన జవాబు లెక్కలోకి వెళ్తే, ఫలానా మండలంలో నూటికి ఇన్ని ఇళ్లలో బండి ఉందన్న అంకె అవుతుంది. అదే జవాబు కార్డులు ఏరేవాళ్ల చేతికి వెళ్తే, ఫలానా వాడి కార్డు తీసెయ్యమన్న ఆర్డరు అవుతుంది. మొదటిది గణాంకం, రెండోది విచారణ. మన దేశంలో గణాంకాల మీద ఉన్న చట్టాలన్నీ ఈ రెంటి మధ్య కట్టిన గోడలే. కొన్ని ఇటుక గోడలు, కొన్ని తడికెలు. మీ గడప దగ్గర నిలబడ్డ మనిషి వెనకాల ఏ గోడ ఉందో కనుక్కోవడం ఎలాగో చెప్తాను.

ముందు ఒకే ఒక్క ప్రశ్న అడగండి

"ఏం కావాలి, ఎందుకు రాస్తున్నారు?" అని అందరం అడుగుతాం. దానికి అందరూ చెప్పే జవాబు "పైనుంచి ఆర్డరండీ". దాన్నిబట్టి ఏమీ తెలియదు. "ఇది ఏ చట్టం కింద చేస్తున్నారు?" అని అడగండి. వచ్చినాయనకు సెక్షన్లు తెలియకపోవచ్చు, అది ఆయన తప్పు కాదు. కానీ ఆయన చేతిలోని ఫారం మీదో, నియామక పత్రం మీదో, జీవోలోనో చట్టం పేరు ఉండాలి. మామూలుగా కింది వాటిలో ఏదో ఒకటి బయటపడుతుంది.

జనగణన చట్టం, 1948. పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు దీని కిందే. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో జనగణన కేంద్ర జాబితాలో 69వ అంశం. కాబట్టి ఏ రాష్ట్రమైనా "మేం జనగణన చేస్తున్నాం" అంటే, చేస్తున్నది సర్వే అనీ, జనగణన కాదనీ గుర్తుపెట్టుకోండి.

గణాంకాల సేకరణ చట్టం, 2008. ఇది 2010 జూన్ 11న అమల్లోకి వచ్చింది, 1953 నాటి పాత చట్టం స్థానంలో. ఫ్యాక్టరీల వార్షిక సర్వే దీని కిందే నడుస్తుంది. కేంద్రం, రాష్ట్రం, చివరికి స్థానిక సంస్థ కూడా ఈ చట్టం కింద లెక్కలు సేకరించవచ్చు, అయితే దానికి నోటిఫికేషన్ ఇవ్వాలి.

మూడోది, చట్టం పేరే లేని కార్యనిర్వాహక ఉత్తర్వు. అంటే ఉత్త జీవో.

నాలుగోది, మీ అంగీకారం మీద మాత్రమే నడిచే సర్వే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లాంటివి.

వీటిలో చేరనిది ఇంకొకటుంది, జాతీయ జనాభా రిజిస్టరు. ఇది చాలామందిని పప్పులో కాలేయిస్తుంది. ఇది జనగణన చట్టం కిందిది కాదు. 1955 నాటి పౌరసత్వ చట్టం, దాని కింద 2003లో చేసిన నిబంధనలు దీనికి ఆధారం. 2010లో ఇళ్ల జాబితాతో పాటే, అవే చేతులతో ఈ ఫారం కూడా రాయించారు. రెండు ఫారాలూ ఒకే సంచిలో ఉన్నా ఒకదానికి ఉన్న గోప్యత రెండోదానికి లేదు. పేరు పేరునా రిజిస్టరు తయారు చేయడమే దాని పని. అందుకే సంచి ఒకటే కదా అని ఊరుకోకుండా ప్రతి ఫారానికీ చట్టం పేరు విడిగా అడగాలి.

మనిషిని, కాగితాన్ని సరిచూసుకోండి

ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు. గుర్తింపు కార్డు చూడండి. జనాభా లెక్కలకైతే మీ ఊరికి చార్జి అధికారి సాధారణంగా తహసీల్దారు, పట్టణంలో మున్సిపల్ అధికారి. అనుమానం వస్తే ఆ ఆఫీసుకో మీ ఊరి సచివాలయానికో ఫోన్ చేసి మా వీధికి ఎవరిని వేశారని అడగండి. ఓటీపీ అడిగారంటే తలుపు వేసేయొచ్చు. ఏ గణాంక చట్టం కిందా బ్యాంకు ఓటీపీతో పనిలేదు.

జనాభా లెక్కలైతే: ఏది చెప్పి తీరాలి, ఏది అక్కర్లేదు

ఈసారి లెక్కలు రెండు విడతలు. ఇళ్ల జాబితా 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య, ఒక్కో రాష్ట్రం తనకు కేటాయించుకున్న 30 రోజుల్లో. అసలు జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో. లెక్కకు గీత గీసిన క్షణం, తెల్లవారితే 2027 మార్చి 1 అనగా ముందు రాత్రి పన్నెండు గంటలు. లడఖ్‌కు, హిమాచల్ లాంటి చోట్ల ఉన్న మంచు ప్రాంతాలకు మాత్రం 2026 అక్టోబరు 1. ఎన్యుమరేటరు కాగితం బదులు ఫోన్లో ఎక్కిస్తాడు. కావాలంటే ఆయన రాకముందే మీరే ఆన్‌లైన్లో నింపుకుని, వచ్చిన నంబరు ఆయనకు చూపించవచ్చు. కులం కూడా ఈసారి అందరి దగ్గరా అడుగుతారు.

ఇప్పుడు చట్టం మాట. జనగణన చట్టం 8వ సెక్షన్ ప్రకారం మనకు తెలిసినంతలో, నమ్మినంతలో జవాబు చెప్పడం మన బాధ్యత. చెప్పననడం, తెలిసి తెలిసి తప్పు చెప్పడం నేరం. వెయ్యి రూపాయల వరకు జరిమానా అని 11వ సెక్షన్లో రాసి ఉంది. కానీ ఆ బాధ్యతకు ఒక హద్దు ఉంది. గెజిట్లో ప్రచురించిన ప్రశ్నలే ఆయన అడగాలి, వాటికే మీరు జవాబుదారీ. ఇళ్ల జాబితాకు 33 ప్రశ్నలు ప్రకటించారు. గోడ దేనితో కట్టారు, తాగునీరు ఎక్కణ్నుంచి, ఇంట్లో ఎక్కువగా తినే ధాన్యం ఏది, ఇంటర్నెట్ ఉందా, ఇలాంటివి. ఆ జాబితా ఒకసారి చదివి పెట్టుకోండి, పది నిమిషాల పని. బ్యాంకు ఖాతా నంబరు, నెల జీతం, మీరు ఎవరికి ఓటేశారు, ఇవి అందులో లేవు. జాబితాలో లేనిది అడిగితే "ఇది ఎన్నో ప్రశ్నండీ?" అనండి చాలు. గొడవ అక్కర్లేదు. నిజాయతీగా వచ్చినవాడైతే ఫోన్ చూసుకుని నవ్వేస్తాడు.

"తెలిసినంతలో" అన్న మాటను కూడా వాడుకోండి. మా వీధిలో ఒక ముసలమ్మను వయసెంత అంటే "దివిసీమ ఉప్పెనకు మా రెండోవాడు చంకలో ఉన్నాడు" అంది. అది 1977 నవంబరు. అక్కణ్నుంచి లెక్క కట్టి వేశాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్ తెమ్మనే హక్కు ఎన్యుమరేటరుకు లేదు. మీరు చెప్పింది రాసుకోవడమే ఆయన పని.

ఇదే 8వ సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది, నాకు భలే ఇష్టం. ఇంట్లోని ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. తన భర్త పేరు, చనిపోయిన భర్త పేరు, ఆచారం ప్రకారం పలకకూడని మరెవరి పేరైనా చెప్పమని ఆడమనిషిని బలవంతపెట్టకూడదు. 1948లో ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకు మన ఊళ్ల సంగతి ఎలా తెలిసిందో అని ఆశ్చర్యపోయేవాణ్ని. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కకు వెళ్లినప్పుడు ఒకావిడను "అమ్మా, మీ ఆయన పేరు?" అంటే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని "కొండ మీద ఉంటాడు కదండీ, ఆ సామి పేరే" అంది. వెంకటేశ్వర్లా, తిరపతయ్యా, శ్రీనివాసరావా? చివరికి మనవడు గోడ అవతల నుంచి అరిచాడు, "ఏడుకొండలు!" అని. రాసుకున్నాను. ఆ పిల్లాడు లేకపోతే ఖాళీ వదిలేసినా చట్టం ఒప్పుకునేది.

ఇక గోడ గురించి. 15వ సెక్షన్ ప్రకారం మీ ఇంటి ఫారాన్ని చూసే హక్కు ఎవరికీ లేదు. పక్కింటివాడికే కాదు, మీ భూమి దావాలో ఎదుటి పార్టీ లాయరుకూ లేదు. సివిల్ కేసులో అది సాక్ష్యంగా చెల్లదు. జనగణన చట్టాన్ని ఉల్లంఘించినందుకు పెట్టిన కేసులో తప్ప క్రిమినల్ కేసులోనూ చెల్లదు. అన్నదమ్ముల పంపకాల తగాదాలో "2011 లెక్కల్లో వాడు వేరు కాపురమని రాయించుకున్నాడు, ఆ కాగితం తెప్పించండి" అని అడిగినవాళ్లను చూశాను. రాదు. సమాచార హక్కు కింద అడిగినా రాదు.

11వ సెక్షన్‌ను ఇంకోసారి చూడండి. జవాబు చెప్పనన్న మీకు వెయ్యి రూపాయల వరకు జరిమానా. ఆ జవాబును అనుమతి లేకుండా బయటపెట్టిన ఎన్యుమరేటరుకు ఆ జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు. అభ్యంతరకరమైన ప్రశ్న కావాలని అడిగినా, అబద్ధం రాసినా అంతే. నోరు మూసుకున్నవాడికన్నా నోరు జారినవాడికి శిక్ష ఎక్కువ. అరుగు మీద నాకు చెమట పట్టింది అందుకే.

ఫ్యాక్టరీకో వ్యాపారానికో నోటీసు వస్తే

రైసు మిల్లు, జిన్నింగు మిల్లు, గ్రానైటు పాలిషింగు యూనిట్ నడిపేవాళ్లకు జాతీయ గణాంక కార్యాలయం నుంచి కాగితం వస్తుంది. నమోదైన ఫ్యాక్టరీలు ఫ్యాక్టరీల వార్షిక సర్వే పరిధిలోకి వస్తాయి. "ఇన్‌కంటాక్స్ వాళ్లా?" అన్నదే అందరి మొదటి భయం. కాదు. కానీ చెత్తబుట్టలో వేసే కాగితమూ కాదు.

నోటీసు మీద గణాంకాల సేకరణ చట్టం పేరు, ఇచ్చిన గణాంక అధికారి హోదా, గడువు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే 6వ సెక్షన్ కింద సమాచారం ఇచ్చి తీరాలి. "ఈ ఏరియాలో ఇన్ని మిల్లులుంటే నన్నే ఎందుకు అడిగారు? పక్కవాడిని అడగరేం?" అన్న వాదన చాలామంది చేస్తారు. చట్టం రాసినవాళ్లు దాన్ని ముందే ఊహించారు. నమూనాగా కొందరినే ఎంచుకుని అడిగారన్న సాకు చెల్లదని అదే సెక్షన్లో స్పష్టంగా ఉంది. నమూనా అంటేనే కొందరిని అడిగి అందరి సంగతి అంచనా కట్టడం. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటాం. నన్నే ఎందుకు నొక్కావని ఆ మెతుకు అంటే ఎలా?

ఆలస్యమైతే గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చినదానికి నకలు, అందినట్టు రసీదు దాచుకోండి. ఇవ్వకపోయినా, తప్పుడు లెక్క ఇచ్చినా జరిమానాలున్నాయి, కంపెనీలకు ఇంకాస్త ఎక్కువ. ఈ మొత్తాలు సవరణల్లో మారుతుంటాయి కాబట్టి ఇండియా కోడ్ వెబ్‌సైటులో తాజా పాఠం చూసుకోండి.

ఈ చట్టంలో మిమ్మల్ని కాపాడేది 9వ సెక్షన్. ఇది కాస్త వివరంగా చూడాలి. మీ పేరు, గుర్తింపు తీసేయకుండా మీ వివరాలు ఏ సంస్థకూ ఇవ్వకూడదు. ప్రచురించే పట్టికల్లో కూడా మీ వివరాలు ఎవరివో పట్టుబడకూడదు, చివరికి ఒక్కొక్కరినీ తీసివేసుకుంటూ పోయినా తెలియకూడదు. ఈ చివరి మాట ఎంత లోతైనదో ఒక ఉదాహరణతో చూద్దాం. మండలంలో రెండే రైసు మిల్లులున్నాయి. ఒకటి మీది. పట్టికలో పేర్లేమీ వేయలేదు, "మండలంలో రైసు మిల్లుల మొత్తం టర్నోవరు 9 కోట్లు" అని వేశారంతే. మీది 5 కోట్లని మీకు తెలుసు. పక్కవాడిది 4 కోట్లని క్షణంలో తేలిపోయింది. పేరు దాచినా గుట్టు దాగలేదు. అందుకే అలాంటి గడిని ఖాళీగా వదిలేయడమో, పక్క మండలంతో కలిపి చూపించడమో చేస్తారు. ప్రభుత్వ పట్టికల్లో అక్కడక్కడా అంకె లేని గడులు కనిపిస్తే బద్ధకమనుకోకండి, కొన్నిసార్లు అది చట్టం చేసిన పని.

అదే సెక్షన్‌కు 2017లో ఒక సవరణ వచ్చింది. అంతకుముందు మీరిచ్చిన సమాచారం గణాంక అవసరాలకు "మాత్రమే" అని ఉండేది. సవరణతో ఆ గట్టి మాట పోయి, గణాంక అవసరాలకు ఎలా వాడాలో కేంద్రం నిబంధనల్లో నిర్ణయిస్తుందన్న మాట చేరింది. ఇటుక గోడలో ఒక ఇటుక కదిలిందని నేననుకుంటాను. ఎందుకంటే ఐక్యరాజ్యసమితి 2014లో ఆమోదించిన అధికారిక గణాంకాల మూలసూత్రాల్లో ఆరోది, వ్యక్తుల వివరాలు గణాంక అవసరాలకు మాత్రమే వాడాలని ఏ శషభిషలూ లేకుండా చెప్తుంది. 2016లో మన కేంద్ర మంత్రివర్గం ఆ సూత్రాలకు ఒప్పుకుంది. మరుసటి ఏడాదే ఈ సవరణ.

రాష్ట్ర ప్రభుత్వం సర్వే అంటే

తెలుగువాళ్లకు దీని అనుభవం బాగానే ఉంది. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒక్క రోజులో చేశారు. ముందురోజు బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు, ఆ రోజు ఇంట్లో లేకపోతే ఏం పోతుందోనని జనం సొంతూళ్లకు పరిగెత్తారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సాధికార సర్వే వచ్చింది. 2024 నవంబరులో తెలంగాణలో మళ్లీ ఇంటింటి కుల సర్వే. ఇలాంటి సర్వే వచ్చినప్పుడు ఏం చేయాలంటే, ముందు జీవో సంపాదించండి. దొరకడం కష్టమేమీ కాదు. అందులో మూడు సంగతులు వెతకండి.

గణాంకాల సేకరణ చట్టం 3వ సెక్షన్ కింద నోటిఫికేషన్ అన్న ముక్క ఉందా? ఉంటే పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, జవాబివ్వాల్సిన బాధ్యతా, 9వ సెక్షన్ కాపలా, రెండూ. లేకపోతే జవాబు చెప్పనందుకు ఆ చట్టం కింద శిక్షించలేరు. అంతవరకు విని సంతోషపడిపోయేవాళ్లే ఎక్కువ. రెండో సగం ఎవరూ వినరు. నోటిఫికేషన్ లేకపోతే 9వ సెక్షన్ కాపలా కూడా లేదు. అంటే బలవంతం లేనిచోట రక్షణా లేదు, మొహమాటానికి పోయి అన్నీ చెప్పేస్తే ఆ కాగితం ఎవరి బల్ల మీద తేలుతుందో మీ చేతుల్లో లేదు.

రెండో సంగతి, జీవోలో "లబ్ధిదారుల గుర్తింపు", "అర్హుల ఎంపిక", "అనర్హుల ఏరివేత" లాంటి మాటలున్నాయా? ఉంటే దాని పేరు ఏదైనా అది గణాంకం కాదు. మీ జవాబు మీ పేరుతోనే తిరిగి మీ దగ్గరికి వస్తుంది, పింఛను రూపంలోనో, రద్దయిన కార్డు రూపంలోనో. తప్పని కాదు, ప్రభుత్వానికి అది కూడా అవసరమే. కానీ దాన్ని దరఖాస్తు నింపినంత జాగ్రత్తగా నింపండి. ఏం రాశారో చదివి వినిపించుకుని, నకలు అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.

మూడోది, ఆధార్, బ్యాంకు ఖాతా గడులు. లెక్క కోసమే అయితే ఇవెందుకు? నాకు తెలిసి ఒక సర్వే స్వభావం పసిగట్టడానికి ఇంతకన్నా సులువైన గుర్తు లేదు. సగటు కట్టడానికి ఖాతా నంబరు అక్కర్లేదు. డబ్బు వేయడానికో ఆపడానికో అయితే కావాలి.

కోర్టుల సంగతి కూడా తెలిసి ఉండాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ప్రభుత్వం అందులో చొరబడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించి అడగకూడదు అంది. అలాగని రాష్ట్రాల సర్వేలన్నీ చెల్లవనుకోకండి. బీహార్ కుల సర్వేను 2023 మే నెలలో ఆపిన పాట్నా హైకోర్టే ఆగస్టు 1న చెల్లుతుందని తీర్పిచ్చింది.

అంగీకారంతో నడిచే సర్వే

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు వచ్చినవాళ్లు ముందుగా ఒక అంగీకార పత్రం చదివి వినిపిస్తారు. రక్తం చుక్క తీసుకునే ముందు మళ్లీ విడిగా అడుగుతారు. మొత్తం వద్దనొచ్చు, ఒక్క ప్రశ్న వద్దనొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు. జరిమానా ఏమీ లేదు. చదివి వినిపించకుండా నేరుగా ప్రశ్నల్లోకి దిగితే, చదవమనండి. కోడలితో మాట్లాడుతుంటే అత్తగారు పక్కన కూర్చోకూడదంటారు, దానికి నొచ్చుకోవద్దు. ఆ ప్రశ్నలు అలాంటివి.

కొత్త డేటా చట్టం ఇందులో ఎక్కడ?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అక్కణ్నుంచి 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అని నోటిఫికేషన్లో ఉంది. "ఇక నా అనుమతి లేకుండా ఎవరూ ఏమీ రాసుకోలేరు" అనుకుంటే పొరపాటు. పరిశోధన, గణాంక అవసరాలకు 17వ సెక్షన్లో మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపుకు పెట్టిన షరతు బంగారం లాంటిది. ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి గురించీ నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. నా అరుగు మీది పెద్దమనిషి ప్రశ్నకు చట్టం రాసిన జవాబు ఇది. మీ పేరు మీద నిర్ణయం తీసుకున్న మరుక్షణం "ఇది గణాంకం" అన్న గొడుగు ఎగిరిపోతుంది. అప్పుడు ప్రభుత్వం రాయితీలు, ప్రయోజనాల కోసమని వేరే సెక్షన్ చూపించాల్సి ఉంటుంది, దానికి వేరే బాధ్యతలుంటాయి. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడానే పట్టుకోండి.

గుట్టు బయటపడితే

జనాభా లెక్కల విషయమైతే చార్జి అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు రాష్ట్ర జనగణన డైరెక్టరుకు పంపండి. తేదీ, సమయం, ఏ వివరం, ఎవరి ద్వారా, ఎవరికి తెలిసింది, సాక్షి ఎవరు, ఇవి రాయండి. "మా పరువు పోయింది" అని రెండు పేజీలు రాసేకన్నా ఈ అయిదు వాక్యాలు పనిచేస్తాయి. నేరుగా కోర్టుకు వెళ్దామంటే కుదరదు, ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు 12వ సెక్షన్ ప్రకారం ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇది బలహీనతే. తప్పు చేసినవాడు ప్రభుత్వోద్యోగి, అనుమతి ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే.

ఇంకో బలహీనత కూడా చెప్పాలి. గణాంకాలను కాచుకోవడానికని 2006లో జాతీయ గణాంక కమిషన్ పెట్టారు, రంగరాజన్ కమిషన్ సిఫారసు మీద. దానికి చట్టబద్ధత లేదు, ఒక తీర్మానంతో పుట్టింది. 2019 జనవరిలో ఉపాధి సర్వే నివేదికను బయటపెట్టకుండా ఆపారని ఇద్దరు స్వతంత్ర సభ్యులు రాజీనామా చేశారు. నిరుద్యోగం 6.1 శాతమన్న ఆ నివేదిక ఎన్నికలయ్యాక మే 31న విడుదలైంది. మీ వివరం దాచడానికి ఇన్ని సెక్షన్లున్నాయి, మన అందరి లెక్కను సమయానికి బయటపెట్టించడానికి మాత్రం ఒక్క సెక్షన్ లేదు.

ఇచ్చిన లెక్కను తిరిగి తీసుకోవడం

ఇది హక్కుగా చేయండి. మీ ఊరి అంకెలు కావాలంటే జిల్లా జనగణన పుస్తకంలో గ్రామాలవారీగా ఉంటాయి, జనగణన వెబ్‌సైటులో ఉచితం. ఇంత జనాభా ఉన్నా మాకు ఇంటర్ కాలేజీ లేదని అర్జీ పెట్టేటప్పుడు ఆ పేజీ జతచేస్తే ఆ అర్జీ బరువే వేరు. మండల స్థాయి పంట, వర్షపాతం లెక్కలకు అర్థగణాంక శాఖ మండల అధికారిని కలవండి. ఆ కుర్చీ ఒకటుందనే చాలామందికి తెలియదు. పాపం ఆయన అడిగేవాళ్లు లేక ఖాళీగా ఉంటాడు, టీ కూడా ఇప్పిస్తాడు.

జాతీయ సర్వేల ముడి సమాచారం, పేర్లూ చిరునామాలూ తీసేసింది, కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్లో నమోదు చేసుకుంటే దొరుకుతుంది. పీహెచ్‌డీ పిల్లలకే కాదు, ఎక్సెల్ వచ్చిన ఎవరికైనా పనికొస్తుంది. అయితే ఉపాధి సర్వేలో మీ మండలం నిరుద్యోగ శాతం వెతక్కండి. దొరికినా నమ్మకండి, ఆ నమూనా అంత కిందికి మాట్లాడదు.

వెబ్‌సైటులో లేనిది సమాచార హక్కు కింద అడగండి. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. పేర్లు అడిగితే తిరస్కరిస్తారు. డేటా రక్షణ చట్టం వచ్చాక సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) ఇంకా బిగిసింది, వ్యక్తిగత సమాచారమన్న ఒక్క మాటతో తోసిపుచ్చవచ్చు. కాబట్టి దరఖాస్తులో "జాబితా" అన్న మాట రాయకుండా "సంఖ్య" అని రాయండి. "మా గ్రామంలో మరుగుదొడ్డి లేని ఇళ్ల యజమానుల జాబితా ఇవ్వండి" అంటే రాదు. "మా గ్రామంలో మరుగుదొడ్డి లేని ఇళ్ల సంఖ్య ఎంత, ఏ సంవత్సరం లెక్క, ఏ పట్టికలో ఉంది" అంటే వస్తుంది.